ఇక్కడే ఎందుకు? సైన్యానికి చోటు చూపేటప్పుడు అడగవలసిన ప్రశ్న



ఎవరి పేరు మీద ఈ సభ జరుగుతున్నదో ఆ మాస్టారు పాలనా న్యాయం బోధించేవారు. ప్రభుత్వానికి ఫలానా అధికారం ఉందా లేదా అన్నది సగం ప్రశ్నేననీ, ఆ అధికారాన్ని ఇలాగే, ఇక్కడే వాడవలసిన అవసరమేమిటన్నది మిగతా సగమనీ ఆయన విద్యార్థులకు చెప్పేవారు. ఆ రెండో సగం అడగడానికి మనం బాగా జంకే శాఖ ఒకటుంది. అది రక్షణ శాఖ. సైన్యం పేరెత్తగానే మనకు తెలియకుండానే గొంతు తగ్గిస్తాం. అందులో గౌరవం కొంత, బెరుకు కొంత. అందుకే ఈ ఏడాది ఉపన్యాసానికి ఈ విషయాన్ని ఎంచుకున్నాను.

అపార్థానికి తావు లేకుండా ఒక మాట ముందే చెప్పేస్తాను. దేశానికి సైన్యం కావాలి. సైన్యానికి తర్ఫీదు కావాలి. తర్ఫీదుకు నేల కావాలి. ఫిరంగి పేల్చడం నేర్చుకోవాలంటే గుండు పడడానికి మైళ్ల కొద్దీ జాగా ఉండాలి. ఇందులో పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, మ్యాపులో ఖాళీగా కనిపించే ఆ జాగా నేల మీద ఎన్నడూ ఖాళీగా ఉండదు. అక్కడ అడవి ఉంటుంది, వాగు పుడుతుంది, పశువులు మేస్తాయి, ఒక గుడో సమాధో ఉంటుంది, చాలాసార్లు ఊళ్లే ఉంటాయి. కాబట్టి ఏ దళాన్ని ఎక్కడ ఉంచాలి, ఎక్కడ శిక్షణ ఇవ్వాలి అన్నది సేనానులు మాత్రమే తేల్చుకునే లెక్క కాదు. ఇంకెక్కడైనా కుదురుతుందా అని నిర్ణయానికి ముందే నిజాయితీగా అడగాలి, దొరికిన జవాబును కాగితం మీద పెట్టాలి. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

చట్టం ఏమడుగుతుంది?

ఈ ప్రశ్నను చట్టంగా మార్చి, సైన్యానికి కూడా వర్తింపజేసి, అర్ధ శతాబ్దానికి పైగా నడిపి చూసిన దేశం అమెరికా. అక్కడి జాతీయ పర్యావరణ విధాన చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ 1970 జనవరి 1న సంతకం చేశాడు. కొద్ది పేజీల చట్టం. పర్యావరణం మీద గణనీయమైన ప్రభావం చూపే ఏ పని తలపెట్టినా ఫెడరల్ శాఖలు ముందుగా ఒక వివరమైన నివేదిక రాయాలన్నది దాని సారం. ఆ పని వల్ల ఏమవుతుంది, తప్పించుకోలేని నష్టాలేవి, ప్రత్యామ్నాయాలేవి అన్నవి అందులో ఉండాలి. సైన్యానికి ఇందులో మినహాయింపు లేదు.

ఈ చట్టం ఫలితాన్ని శాసించదు. నష్టం ఎక్కువున్న చోటునే ఎంచుకున్నా చట్టం అడ్డుపడదు. తెలిసి ఎంచుకోమంటుంది, అంతే. 1978లో వచ్చిన నిబంధనలు ప్రత్యామ్నాయాల అధ్యాయాన్ని నివేదికకు గుండెకాయగా పేర్కొన్నాయి. వాటిలో నాకు బాగా నచ్చిన నియమం మరొకటుండేది. చివరి నిర్ణయ పత్రంలో, పరిశీలించిన మార్గాల్లో పర్యావరణానికి ఏది మేలైనదో పేరు పెట్టి రాయాలన్నారు, దాన్ని ఎంచుకోకపోయినా సరే. అంటే అధికారి తన సంతకం పైనే, "మేలైన దారి అది, నేను పట్టింది ఇది, కారణం ఇదీ" అని ఒప్పుకోవలసి వచ్చేది. ఆ ఒప్పుకోలు రాయవలసి వస్తుందని తెలిసినవాడు మొదటి రోజు నుంచే జాగ్రత్తగా ఆలోచిస్తాడు.

ఈ చట్టం కాగితాల కొండలు పెంచిందనీ, పనులు ఏళ్ల తరబడి ఆపిందనీ అక్కడే తీవ్రమైన విమర్శ ఉంది. 2025లో ఆ 1978 నాటి నిబంధనలను రద్దు చేశారు. అదే ఏడాది మే నెలలో అక్కడి సుప్రీంకోర్టు, ఇలాంటి నివేదికల విషయంలో కింది కోర్టులు శాఖల విచక్షణకు బాగా విలువివ్వాలని తీర్పు చెప్పింది. చట్టం మిగిలింది గానీ పదును తగ్గింది. కాబట్టి నేను చెప్పబోయే కథను ఆదర్శ రాజ్యం కథగా వినకండి. ఒక ప్రయోగం కథగా వినండి.

హవాయికి వచ్చిన బ్రిగేడు

1999లో అమెరికా సైన్యాధిపతి జనరల్ ఎరిక్ షిన్సెకి సైన్యం రూపాన్నే మార్చాలని సంకల్పించాడు. భారీ ట్యాంకులతో కదిలే దళాలు మరీ నెమ్మది, తేలికపాటి పదాతి దళాలకు మరీ రక్షణ తక్కువ. ఈ రెంటికీ నడుమ, విమానంలో ఎక్కించి తొందరగా తరలించగల దళం కావాలనుకున్నాడు. అలా వచ్చింది ఎనిమిది చక్రాల స్ట్రైకర్ వాహనం. సుమారు 19 టన్నుల బరువు. ఒక్కో బ్రిగేడుకు అలాంటివి 300 దాకా, వాటితో పాటు దాదాపు 4,000 మంది సైనికులు. షిన్సెకి పుట్టింది హవాయి దీవుల్లోని కవాయిలో. తలపెట్టిన కొత్త బ్రిగేడుల్లో ఒకటి ఆ దీవులకే కేటాయించారు. ఓహూ ద్వీపంలోని స్కోఫీల్డ్ బారక్స్‌లో ఉన్న 25వ పదాతి డివిజన్ రెండో బ్రిగేడును స్ట్రైకర్ దళంగా మార్చాలన్నది నిర్ణయం.

అక్కడి నేల తీరు ఒకసారి చూడాలి. హవాయి నడి సముద్రంలో ఉన్న అగ్నిపర్వతాల దీవుల వరుస. ఏ ఖండానికీ దగ్గర కాదు. లక్షల ఏళ్లు ఏకాంతంగా పెరిగిన మొక్కలు, పక్షులు అక్కడివి. ప్రపంచంలో మరెక్కడా లేని జాతులు వాటిలో కోకొల్లలు. ఆ మొక్కలు నిప్పుకు అలవాటు పడినవి కావు. బయటి నుంచి వచ్చిన గడ్డి జాతులు మాత్రం కాలిన చోట మరింత దట్టంగా మొలుస్తాయి. వెలుగుచార విడుస్తూ పోయే ట్రేసర్ తూటా ఒక్కటి ఎండు గడ్డిలో పడితే మంట అడవి అంచును కొరుకుతుంది. కాలిన జాగాను గడ్డి ఆక్రమిస్తుంది. ఆ గడ్డి మళ్లీ ఎండి మరో మంటకు సిద్ధమవుతుంది. ప్రతి మంటకూ అడవి కొంత వెనక్కి జరుగుతుంది, జరిగిన అడవి మళ్లీ ముందుకు రాదు. అలాంటి నేల మీదికి 300 బండ్లు రావాలి. వాటికి కొత్త దారులు, కొత్త ఫైరింగ్ రేంజీలు కావాలి. ఇవి కాక ఓహూలో సుమారు 1,400 ఎకరాలు, దీవులన్నిటిలోకీ పెద్ద ద్వీపంలో మౌనా కియా, మౌనా లోవా పర్వతాల మధ్యనున్న పోహాకులోవా శిక్షణ క్షేత్రం పక్కన ఇంకో 23,000 ఎకరాలు కొనాలి.

సైన్యం నివేదికలు రాయలేదా? రాసింది. 2002లో సైన్యం మొత్తం మార్పు మీద ఒక స్థూల నివేదిక, 2004లో హవాయి మీద మరో నివేదిక. లోపమంతా ఈ రెంటి మధ్య ఉంది. మొదటిది, సైన్యాన్ని మార్చాలా వద్దా అన్నదే చూస్తున్నాం, చోట్ల సంగతి తరవాత చూస్తామంది. రెండోది, చోటు ఎప్పుడో ఖాయమైంది, హవాయిలో ఈ పని ఎలా చేయాలన్నదే ఇప్పుడు చూస్తున్నామంది. ఒకచోట ఇంకా రాని ప్రశ్న రెండోచోటికి వచ్చేసరికి దాటిపోయిన ప్రశ్న అయింది. హవాయిలోనే ఎందుకు, అలాస్కాలోనో కొలరాడోలోనో ఎందుకు కాదు అని ఎవరూ అడగలేదు. పెళ్లి పందిరి వేశాక జాతకాలు చూపించినట్టు, నివేదిక నిర్ణయం వెనకాల నడిచింది.

హవాయి మూలవాసుల సంఘాలు మూడు కలిసి 2004లో కోర్టుకెళ్లాయి. కింది కోర్టులో ఓడిపోయాయి. 2006 అక్టోబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు తిరగరాసింది. బ్రిగేడును హవాయి బయట మార్చే ప్రత్యామ్నాయాలను పరిశీలించకపోవడం చట్టాన్ని ఉల్లంఘించడమేనని తేల్చింది. అప్పటికి ఇరాక్‌లో యుద్ధం నడుస్తోంది, ఆ బ్రిగేడు అక్కడికి వెళ్లవలసి ఉంది. పనంతా ఒక్కసారిగా ఆపేస్తే ఆ సైనికులు తర్ఫీదు లేకుండానే యుద్ధానికి వెళ్లాల్సివస్తుంది. కోర్టులు ఆ సంగతీ చూశాయి. నివేదిక తిరిగి రాసేలోపు, యుద్ధానికి వెళ్లడానికి తప్పనిసరైన మేర శిక్షణకు అనుమతించాయి. 2007 చివర్లో బ్రిగేడు ఇరాక్ వెళ్లింది. ప్రశ్న అడిగితే సైన్యం కుప్పకూలుతుందన్న బెదిరింపు ఆ రోజున వట్టిదని తేలింది.

2008లో కొత్త నివేదిక వచ్చింది. ఈసారి హవాయితో పాటు అలాస్కాలోని ఫోర్ట్ రిచర్డ్‌సన్, కొలరాడోలోని ఫోర్ట్ కార్సన్ కూడా తూకంలో నిలిచాయి. నేల, నీరు, గాలి, నిప్పు, సంస్కృతి అన్న ఒక్కో అంశం మీద మూడింటినీ పోల్చారు. చివరికి సైన్యం హవాయినే ఎంచుకుంది. పసిఫిక్ ప్రాంతంలో వ్యూహాత్మకంగా అదే తమకు అవసరమంది.

మరి ఇంత రభస దేనికి, చోటు మారనే లేదు కదా అని మీకు అనిపించవచ్చు. కథ అక్కడితో అయిపోలేదు. 2015లో సైన్యం తన బలగాన్ని కుదించుకుంటూ, ఆ బ్రిగేడును మళ్లీ తేలికపాటి పదాతి దళంగా మారుస్తామని ప్రకటించింది. మరుసటి ఏడాదికల్లా మార్పు జరిగింది. స్ట్రైకర్లు ప్రధాన భూభాగంలోని నేషనల్ గార్డు దళానికి వెళ్లిపోయాయి. హవాయి తప్ప గతిలేదన్న బండ్లు పదేళ్లలోనే హవాయి వదిలాయి. కొన్న భూమి మాత్రం సైన్యం చేతిలోనే ఉంది. సైనిక అవసరం మారిపోతూ ఉంటుంది. నేలకు తగిలిన గాయం అంత సులువుగా మానదు. తొందరపడి ఇక్కడే అనే ప్రతి అధికారీ గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఇది.

ఇంకో ఫలితం కూడా ఉంది. స్కోఫీల్డ్‌లో కొత్త రేంజి కోసం 2005లో నేల శుభ్రం చేస్తుంటే క్షీణ యురేనియం ఉన్న పాత గుండ్ల శకలాలు బయటపడ్డాయి. 1960ల నాటి డేవీ క్రాకెట్ ఆయుధానికి గురి చూసుకునేందుకు వాడిన గుండ్లవి. తరవాత పోహాకులోవాలోనూ వాటి ఆనవాళ్లు దొరికాయి. అలాంటి పదార్థం హవాయిలో వాడనే లేదని అంతకుముందు సైన్యం చెబుతూ వచ్చింది. అబద్ధమాడారని నేననను. నలభై ఏళ్ల కింద ఏం పేల్చారో ఆ సంస్థకే గుర్తు లేకపోయి ఉండవచ్చు. అందుకే రాసి పెట్టడం అవసరం.

మాకువా లోయ

అదే ఓహూ ద్వీపానికి పడమటి కొసన మాకువా అనే లోయ ఉంది. మూడు వైపులా నిటారు కొండలు, నాలుగో వైపు సముద్రం. 4,000 ఎకరాల పైచిలుకు. 1942లో, పెర్ల్ హార్బర్ దాడి తరవాత, అక్కడి కుటుంబాలను ఖాళీ చేయించి సైన్యం లోయను తీసుకుంది. యుద్ధం ముగిశాక ఆరు నెలల్లో తిరిగి ఇస్తామన్నది మాట. యుద్ధం ముగిసింది, లోయ తిరిగి రాలేదు. బాంబులు, ఫిరంగులు, రాకెట్లు దశాబ్దాల పాటు అక్కడ పేలుతూనే ఉన్నాయి. నలభైకి పైగా అంతరించే దశలో ఉన్న జాతులు ఆ లోయలో, చుట్టుపక్కల కొండల్లో ఉన్నాయి. 2003లో గడ్డిని అదుపు చేద్దామని సైన్యమే పెట్టిన మంట చెయ్యి దాటి దాదాపు సగం లోయను కాల్చేసింది.

స్థానికుల సంఘం వేసిన కేసులో 2001లో రాజీ కుదిరింది. సైన్యం సమగ్ర పర్యావరణ నివేదిక రాయాలి, ఈలోగా పరిమితంగానే కాల్పులు జరపాలి, లోయలోని పవిత్ర స్థలాలకు జనాన్ని రానివ్వాలి. గడువులోగా నివేదిక పూర్తి కాలేదు. 2004 నుంచి అక్కడ తుపాకి పేలలేదు. ఆ ఏళ్లలోనే ఆ సైన్యం రెండు దేశాల్లో యుద్ధాలు చేసింది. ఈ లోయ లేకపోతే తర్ఫీదు సాగదన్న వాదనను ఆ ఇరవై ఏళ్లే తుడిచేశాయి. 2023 చివరిలో, ఇక అక్కడ కాల్పుల శిక్షణ ఉండదని సైన్యం కోర్టుకు రాసిచ్చింది.

అయినా లోయ స్వేచ్ఛగా లేదు. పూర్వీకుల రాతి వేదికల దగ్గరికి నైవేద్యాలతో వెళ్లే హవాయి పెద్దలు ఇప్పటికీ సైన్యం అనుమతితో, సైన్యం చూపిన దారినే నడవాలి. పేలని గుండ్లను గుర్తుపట్టగల నిపుణుడు వెంట ఉంటాడు. దారి తప్పి గడ్డిలో అడుగు వేయడానికి లేదు. తాతముత్తాతల చోటికి పోవడానికి బాంబుల నిపుణుణ్ని తోడు తీసుకెళ్లవలసిన మనవలను ఊహించండి. నష్టపరిహారం పట్టికలో దీనికి గడి ఏదీ ఉండదు.

హవాయి రాష్ట్రం నుంచి 1964లో ఒక్క డాలరుకు 65 ఏళ్లకు తీసుకున్న శిక్షణ భూముల కౌలు 2029లో తీరుతుంది. పోహాకులోవా కౌలు కొనసాగింపు కోసం సైన్యం సమర్పించిన నివేదిక చాలదని 2025 మేలో రాష్ట్ర భూ, సహజ వనరుల బోర్డు తిప్పికొట్టింది. 1964లో ఈ విషయం మీద ఒక్క నివేదికా లేదు. ఇప్పుడు కనీసం బల్లకు అటూ ఇటూ కూర్చుని వాదించుకుంటున్నారు.

వడ్రంగిపిట్ట నేర్పిన పాఠం

ఇదంతా విని పర్యావరణ విచారణ అంటే సైన్యం కాళ్లకు సంకెళ్లేనని అనుకోవద్దు. నార్త్ కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్ కథ దానికి సమాధానం. అక్కడ పొడుగాకుల పైన్ అడవిలో ఎర్ర చెంపల వడ్రంగిపిట్ట ఉంటుంది. ఎండిన మాను ఈ పిట్టకు పనికిరాదు. బతికున్న ముసలి పైన్ చెట్టునే తొలుస్తుంది. ఒక్క తొర్ర పూర్తి కావడానికి ఏళ్లు పడుతుంది. తొర్ర చుట్టూ చిన్న చిన్న గాట్లు పెట్టి జిగురు కారనిస్తుంది, పాములు పైకి ఎక్కకుండా.

1990 ప్రాంతంలో ఈ పిట్ట కోసం శిక్షణ మీద ఆంక్షలు వచ్చాయి. తొర్ర ఉన్న చెట్లకు తెల్ల రంగు పట్టీలు వేశారు. వాటి చుట్టూ 200 అడుగుల మేర గుంటలు తవ్వరాదు, మకాం వేయరాదు. పారాట్రూపర్లు మండిపడ్డారు. పిట్ట కోసం యుద్ధం ఆపుకోవాలా అన్నారు. తరవాత రెండు పక్షాలూ కూర్చుని చూస్తే ఒక సంగతి తేలింది. ఆ పైన్ అడవికి అడపాదడపా నేల మంట అవసరం. మంట లేకపోతే పొదలు పెరిగి పిట్ట వెళ్లిపోతుంది. ఫిరంగి గుండ్లు పడి తరచూ అంటుకునే జాగాల్లోనే అడవి బాగా నిలిచి ఉంది. హవాయిలో అడవిని మింగిన నిప్పే ఇక్కడ అడవిని కాపాడింది. అందుకే ఏ చోటికి ఆ చోటే చూడాలంటాను. ఒక కార్యాలయంలో కూర్చుని అన్ని చోట్లకూ ఒకే మూస నివేదిక రాస్తే ఈ తేడా తెలియదు.

అప్పుడు సైన్యం పద్ధతి మార్చుకుంది. ప్రకృతి సంరక్షణ సంస్థలతో చేతులు కలిపి, స్థావరం బయట ఉన్న ప్రైవేటు అడవులను ఇళ్ల ప్లాట్లుగా మారకుండా కాపాడే పథకం పెట్టింది. పిట్టకు బయట చోటు దొరికితే లోపల ఆంక్షలు సడలుతాయి. ఇళ్లు దగ్గరికి రాకపోతే ఫిరంగి మోతల మీద ఫిర్యాదులూ ఉండవు. 2006 నాటికి అక్కడి పిట్టల సంఖ్య అనుకున్న గడువు కంటే ఐదేళ్లు ముందే లక్ష్యానికి చేరింది. ఆంక్షలు తగ్గాయి. 2024లో ఆ పిట్టను అంతరించే దశలో ఉన్న జాతుల పట్టిక నుంచి ఒక మెట్టు దించారు.

కొలరాడోలో ఇంకో తరహా కథ. పిన్యాన్ కాన్యన్ అనే శిక్షణ క్షేత్రాన్ని మరో 4 లక్షల ఎకరాల పైచిలుకు పెంచాలని సైన్యం చూస్తే, అడ్డుపడింది పర్యావరణవాదులు కాదు, పశువుల కాపరులు, పశు క్షేత్రాల యజమానులు. దేశభక్తిలో వాళ్లను వేలెత్తి చూపడం ఎవరి తరమూ కాదు. ఒక్క ఎకరా కూడా ఇక ఇవ్వబోమన్నారు. ఉన్న క్షేత్రంలో శిక్షణ పెంచడానికి రాసిన నివేదికను 2009లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. 2013లో సైన్యం విస్తరణ ఆలోచననే విరమించుకుంది.

రహస్యం ఎంతవరకు?

అన్నీ బయట పెడితే శత్రువు చదవడా అన్నది సహజమైన ప్రశ్న. దీనికి అక్కడి సుప్రీంకోర్టు 1981లో ఒక తీర్పు చెప్పింది. అదీ హవాయి నుంచి వచ్చిన కేసే. ఓహూలో నౌకాదళం కట్టిన ఆయుధ గిడ్డంగుల్లో అణ్వాయుధాలు పెడతారా, పెడితే నివేదిక ఏదని ఒక క్యాథలిక్ సంఘం అడిగింది. అణ్వాయుధాలు ఉన్నాయనీ లేవనీ చెప్పకపోవడం నౌకాదళం విధానం. కోర్టు నౌకాదళం పక్షానే నిలిచింది, రహస్య సమాచారం బయట పెట్టనక్కర లేదంది. అయితే చట్టానికి రెండు ఉద్దేశాలున్నాయని విడమరచి చెప్పింది. అధికారి నిర్ణయానికి ముందు పర్యావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది మొదటిది. ప్రజలకు తెలియాలన్నది రెండోది. రహస్యం వల్ల రెండోది ఆగవచ్చు, మొదటిది ఆగదు. బయట పెట్టకపోయినా లోపల ఆలోచించి తీరాలి.

2008లో కాలిఫోర్నియా తీరంలో సోనార్ విన్యాసాల కేసులో అదే కోర్టు, తిమింగలాల రక్షణ కోసం కింది కోర్టు పెట్టిన రెండు షరతులను తొలగించింది. శిక్షణ అవసరమే బరువైనదని నిర్ణయించింది. అంటే ఈ చట్టం ఉన్నంత మాత్రాన సైన్యం ఓడిపోదు. ఎన్నో కేసులు గెలుస్తుంది. గెలవడానికి ముందు కారణం చెప్పవలసి రావడమే చట్టం సాధించింది.

మన దగ్గర

ఇప్పుడు మన సంగతి. విన్యాసాలకూ ఫిరంగి శిక్షణకూ నేల కేటాయించేందుకు మనకు నేటికీ ఆధారం 1938లో బ్రిటిష్ వాళ్లు చేసిన చట్టం. ప్రభుత్వం గెజెట్‌లో ఒక ప్రాంతాన్ని ప్రకటిస్తుంది, సైన్యం వస్తుంది, పంటకో ఇంటికో నష్టం జరిగితే రెవెన్యూ అధికారి లెక్కగట్టి పరిహారం ఇస్తాడు. ఎంత పోయిందని అడుగుతుంది ఆ చట్టం. ఇక్కడే ఎందుకని అడగదు.

ఆ చట్టం కిందే జార్ఖండ్‌లోని నేతర్‌హాట్ కొండల్లో 1964 నుంచి ముప్పై ఏళ్లు ఫిరంగి శిక్షణ నడిచింది. ప్రకటించిన ప్రాంతం 1,471 చదరపు కిలోమీటర్లు, అందులో 245 గ్రామాలు. గుండ్లు పేల్చే రోజుల్లో ఆదివాసులు పిల్లల్నీ పశువుల్నీ తోలుకుని ఊరు విడిచి పోవాలి. 1994 మార్చిలో సైన్యం వచ్చే వేళకు వేలమంది దారికి అడ్డంగా కూర్చున్నారు. బళ్లు వెనక్కి మళ్లాయి. ఆ నోటిఫికేషన్ను ఇక పొడిగించబోమని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది 2022లో. కాశ్మీరులోని తోసా మైదాన్ అనే పచ్చిక బయలు 1964 నుంచి 2014 దాకా ఫిరంగి రేంజి. కౌలు ముగిశాక సైన్యం వదిలి వెళ్లింది. పేలని గుండ్లను ఏరవలసి వచ్చింది. రెండు చోట్లా ముందు అడగని ప్రశ్నను జనం దశాబ్దాల తరవాత వీధిలో నిలబడి అడిగారు.

2006 సెప్టెంబరు 14 నాటి మన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్, దేశ రక్షణకు సంబంధించిన ప్రాజెక్టులన్నింటికీ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపునిచ్చింది. వ్యూహాత్మకమని కేంద్రం ముద్ర వేసిన ఇతర ప్రాజెక్టులకూ అదే మినహాయింపు. 2023లో సవరించిన అటవీ సంరక్షణ చట్టం, భద్రతా నిర్మాణాలకు పది హెక్టార్ల దాకా అటవీ అనుమతే అక్కరలేదంది. అమెరికా కోర్టు రెండుగా విడదీసి చూసిన విషయాన్ని మనం ఒకే మూటగా కట్టి పక్కన పడేశాం.

దూరం ఎందుకు, వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలో దామగుండం అడవి ఉంది. జలాంతర్గాములకు సందేశాలు పంపే వీఎల్ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య రేడియో తరంగాల) కేంద్రం కోసం నౌకాదళానికి అక్కడ సుమారు 2,900 ఎకరాలు ఇచ్చారు. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి శంకుస్థాపన చేశారు. తమిళనాడులోని ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తరవాత దేశంలో ఇలాంటి రెండో కేంద్రం ఇది. సముద్రానికి ఇంత దూరాన ఎందుకని నవ్వినవాళ్లకు జవాబుంది. ఆ తరంగాల నిడివి కిలోమీటర్లలో ఉంటుంది, వాటిని పుట్టించే యాంటెన్నాకు విశాలమైన జాగా కావాలి, సముద్రం ఒడ్డునే ఉండాలన్న నియమం లేదు. నౌకాదళం ఇది అనువైన చోటంది. అదే నిజం కావచ్చు. కానీ అనంతగిరి కొండల పక్కన, మూసీ పుట్టే సీమలో, రామలింగేశ్వరుడి గుడి ఉన్న అడవినే ఎంచుకోవడానికి ఏయే చోట్లు చూశారు, వాటిని ఎందుకు కాదన్నారు? ఆ పోలిక ప్రజల ముందుకు రాలేదు. పోలిక లేకపోయేసరికి ఒకవైపు వదంతులు, మరోవైపు హామీలు మిగిలాయి. రేడియేషన్ వస్తుందని ఒకరు, ఏమీ కాదని ఒకరు. పూడూరు రైతుకు ఎవరిని నమ్మాలో తెలియదు. ఆ కేంద్రం పౌనఃపున్యాలు రహస్యం కావచ్చు. కొట్టే చెట్లు, కట్టే గోడలు, మళ్లించే వాగులు రహస్యమెలా అవుతాయి? గోడ లేచిన రోజునే ఊరంతా చూస్తుంది కదా.

చోటు మార్చడం కుదరని వేళ కాలమైనా మార్చవచ్చు. ఒడిశా తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే నెలల్లో అబ్దుల్ కలాం దీవి దగ్గర క్షిపణి పరీక్షలు ఆపడానికి డీఆర్‌డీవో ఒప్పుకుంది. దేశ రక్షణకు దాని వల్ల ఏమీ తరగలేదు. మన కృష్ణా జిల్లా గుల్లలమోద దగ్గర, మడ అడవుల అభయారణ్యం పక్కన, తలపెట్టిన క్షిపణి పరీక్షా కేంద్రం విషయంలోనూ ఇలాంటి పట్టువిడుపులు మొదటి నుంచే ఉంటే మేలు.

చేయదగింది

కోర్టు కేసులతో, కాలయాపనతో అమెరికా పడిన అవస్థలన్నీ మనం పడనక్కర లేదు. మూడు మార్పులు చాలు. మొదటిది, రక్షణ ప్రాజెక్టులకు ఇచ్చిన గంపగుత్త మినహాయింపును విడదీయాలి. ఆయుధం, పరికరం, దళాల కదలిక రహస్యంగా ఉంచండి. భూమి, నీరు, అడవి, దారి, గుడి గురించిన భాగాన్ని తెలుగులో అచ్చువేసి గ్రామ సభ ముందు పెట్టండి. రెండోది, కనీసం మూడు చోట్లను పోల్చి చూడకుండా ఏ స్థావరానికీ, ఏ ఫైరింగ్ రేంజికీ సంతకం పడకూడదు. ఆ పోలిక రహస్యమైతే, రహస్య పత్రాలు చూసే అర్హత ఉన్న న్యాయమూర్తి, పర్యావరణ శాస్త్రవేత్త ఉన్న చిన్న కమిటీ దాన్ని చదవాలి. మూడోది, 1938 నాటి చట్టాన్ని తిరగరాసి, కాలపరిమితితో పాటు తిరిగి అప్పగించేటప్పుడు గుండ్లు ఏరి, నేల శుభ్రం చేసే బాధ్యతను అందులో చేర్చాలి. ఖర్చు ముందే లెక్కలో ఉంటే చోటు ఎంచుకునేవాడు రెండుసార్లు ఆలోచిస్తాడు.

దీనివల్ల సైన్యం పలచబడదు. సైనికుడు కాపలా కాసేది ఈ నేలనే. ఆ నేల గురించి అడగడం అతణ్ని అనుమానించడం కానే కాదు. పైగా ఊరి మాట విని వచ్చిన స్థావరానికి ఊరు అండగా నిలుస్తుంది. కోపంతో ఉన్న ఊరి నడుమ కట్టిన కంచెకు లోపలా బయటా కాపలా కావాలి.

ఇక్కడున్న న్యాయ విద్యార్థులకు నా విన్నపం. మీ జిల్లాలో రక్షణ అవసరాలకు భూమి ఇస్తున్నట్టు గెజెట్‌లో ప్రకటన కనబడితే దాన్ని చదవండి. సమాచార హక్కు కింద రహస్యం కాని భాగాలు అడగండి. జవాబు రాకపోతే ఆ సంగతే రాసి పత్రికకు పంపండి. చోటు మారకపోవచ్చు. హవాయిలోనూ మొదట మారలేదు. కారణం మాత్రం బయటికి వచ్చి తీరాలి. కారణం చెప్పలేని నిర్ణయం ఎంత పెద్ద అవసరం కోసమైనా సరే, ప్రజాస్వామ్యంలో చెల్లదు.